నాగప్ప ఇంటి నెట్‌కు ధర్మకాంటా

మంగళవారం పొద్దున, పది దాటిన కాసేపటికి, నాగప్ప వరండాలో స్టూలు వేసుకుని ఎక్కి, మీటరు పక్కనున్న మెయిన్ స్విచ్చిని కిందికి దించాడు.

ఆ క్షణానికి ఇంట్లో మూడు పనులు నడుస్తున్నాయి. వంటింట్లో ఆయన భార్య పార్వతమ్మ మిక్సీ మూత మీద అరచెయ్యి ఆనించి పల్లీల చట్నీ తిప్పుతోంది. స్నానాల గదిలో కొడుకు ప్రశాంత్, ట్యాంకు అడుగంటిందని మోటారు వేసుకుని, ఈలోగా తలకు షాంపూ పట్టించాడు. ముందు గదిలో కోడలు పూజ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హైదరాబాద్‌లో ఉన్న తన పైఅధికారి హరికృష్ణతో మాట్లాడుతోంది.

"లేదు సర్. మా ఇంట్లో ఇప్పుడు నెట్ ప్రాబ్లం ఏం లేదు సర్. అంతా సెట్ అయింది."

చివరి మాట ఆయనకు చేరిందో లేదో తెలియదు. హరికృష్ణ ముఖం మాత్రం ఒక కన్ను మూసి, నోరు కొంచెం తెరిచి, తెర మీద అట్లాగే ఆగిపోయింది.

ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, ప్రహరీ అవతల లోడు బండ్లను తూచే ధర్మకాంటా మీదికి చెరుకు ట్రాక్టరు ఎక్కుతున్న చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపించింది. స్నానాల గదిలోంచి "నాయినా" అని ఒక పిలుపు వచ్చింది. అందులో కోపం లేదు. కళ్లు తెరవలేని మనిషికుండే నెమ్మది ఉంది.

నాగప్ప స్టూలు దిగి, ముందు గదిలోకి వచ్చి, అలమారా మీదున్న కొత్త రౌటర్ వైపు చూశాడు. దాని దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. ఇంట్లో అన్నీ ఆపేస్తే ఆ రౌటర్ ఎంత నెట్ వాడినట్టు లెక్క చూపిస్తుందో తెలుసుకుందామని ఆయన ఈ పనికి పూనుకున్నాడు. రౌటర్ కూడా కరెంటు మీదే నడుస్తుందన్న సంగతి ఆ తొందరలో తట్టలేదు.

"నెట్ తూచే కాంటాకే కరెంటు తీసిన" అని తనలో తాను గొణుక్కుని, మళ్లీ స్టూలెక్కాడు.

ఆ మధ్యాహ్నం హరికృష్ణ పూజకు ఫోన్ చేసి, కోప్పడకుండానే చెప్పాడు. ఈ నెల ఆఖరి వారం చూస్తాను, అప్పుడూ ఇట్లాగే ఉంటే ఒకటో తారీఖు నుంచి హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి కూర్చోండి, ఇంటి నుంచి పని కుదరదు అన్నాడు. పూజ ఫోన్ పెట్టేసి, ఆ మాట ఇంట్లో చెప్పి, వంటింట్లోకి పోయింది. మామగారికి చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ చాయ్ తాగడం నాగప్పకు చాలా కష్టమైంది.

నాగప్ప అంటే జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు మీద పోయే ప్రతి డ్రైవరుకూ తెలుసు. ముప్పై ఏళ్లు ధర్మకాంటా నడిపిన మనిషి. న్యాల్‌కల్ నుంచి చెరుకు, కోహీర్ నుంచి ఆలుగడ్డ, రాయికోడ్ నుంచి అల్లం, ఏ లోడైనా కొనేవాడి దగ్గరికి పోయేముందు ఆయన ఇనుప పలక మీద ఒకసారి నిలబడి పోయేది. కొనేవాడికి సొంత కాంటా ఉంటుంది. అది తప్పని ఎవరూ అనరు. కాకపోతే, సంబంధం లేని మూడోవాడి కాంటా మీద ఒకసారి చూసుకుని పోతే రైతుకు మనసు నిమ్మళం. ఆ నిమ్మళానికే దాన్ని ధర్మకాంటా అన్నారు.

తూకం వేయడంలో బరువు చూడటం చిన్న పని. మనిషిని చూడటమే పెద్ద పని. లోడుతో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి తూస్తారు. తేడా ఎంతో సరుకు అంత. లోడుతో తూచేటప్పుడు డ్రైవర్ బండిలోనే కూర్చుని, ఖాళీగా తూచేటప్పుడు మెల్లగా దిగి బీడీ ముట్టించుకున్నాడంటే, ఆయన బరువు కూడా చెరుకు కింద అమ్ముడుపోతుంది. అందుకే నాగప్ప ఎప్పుడూ కిటికీలోంచి తల బయటపెట్టి, "డ్రైవర్ దిగిండా, ఎక్కిండా?" అని అరిచేవాడు. రాయికోడ్ ఎంకయ్య అనే భారీ మనిషి ఉండేవాడు. ఆయన దిగితే ట్రాక్టరే ఒక పక్కకు లేచేది. ఆయనకు మాత్రం ఈ ప్రశ్న వేయాల్సిన అవసరం పడలేదని నాగప్ప చెబుతాడు.

ఇట్లాంటి కాంటా కథలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. పార్వతమ్మ వాటిని వినడం పెళ్లయిన కొత్తలోనే మానేసింది. ప్రశాంత్ ట్రాక్టర్ల షోరూమ్‌లో లెక్కలు చూస్తాడు కాబట్టి, ఇంటికొచ్చాక ట్రాక్టర్ మాట ఎత్తితే లేచి పోతాడు. మిగిలింది పూజ. కోహీర్ పిల్ల. పెళ్లై వచ్చి ఏడాది దాటింది. సాయంత్రం పని ముగించి, ల్యాప్‌టాప్ మూసి, మామగారి పక్కన వరండా గట్టు మీద కూర్చుని, విన్న కథనే మళ్లీ వింటూ "అప్పుడు ఎంకయ్య ఏమన్నడు మామయ్యా?" అని సరిగ్గా అడగాల్సిన చోట అడుగుతుంది. ఆ పిల్ల హైదరాబాద్ పోయి హాస్టల్‌లో ఉంటే, నాగప్ప కథలన్నీ లోపలే ఉండిపోతాయి. ఆయన అసలు బాధ అది. పైకి మాత్రం "ఆడపిల్ల ఒక్కతి ఏం తిరుగుతది" అన్నాడు.

రెండేళ్ల కింద మోకాళ్లు అరగడంతో ఆయన కాంటాను చెల్లెలి కొడుకు శరణప్పకు అప్పజెప్పాడు. ఆ రోజు అందరికీ బూందీ పంచి, "ఇగ నీది నీ ఇష్టం. నేను గటు దిక్కు మొకం గూడ పెట్ట" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. మరునాటి నుంచి ప్రహరీ దాటి కాంటా వైపు అడుగు వేయలేదు. కాకపోతే ఆ నెలలోనే డాబా మీద ఒక కెమెరా పెట్టించాడు. దొంగల భయం ఎక్కువైంది అన్నాడు. పెట్టడానికి వచ్చినవాడు మామూలు కెమెరా చూపిస్తే వద్దని, బండి నంబరు కూడా చదవగలిగేది కావాలని అడిగి తీసుకున్నాడు. జహీరాబాద్ దొంగలు బండి మీద వస్తారని ఆయన లెక్క.

ఇక నెట్ సంగతి. నాగప్ప ఇంటికి నెట్ ఇచ్చేది మాణిక్. పాత బస్టాండు వెనక ఆఫీసు, ఊరంతా స్తంభాల మీద తీగలు. నెలకు వెయ్యి జీబీ దాకా నెట్ పరుగెడుతుంది. ఆ వెయ్యి అయిపోతే ఆగిపోదు గానీ, ఒకటో తారీఖు దాకా కుంటుతుంది. పూజ రాకముందు కూడా నెలాఖరుకు కుంటేది. అమావాస్యకు చీకటి పడ్డట్టు అదీ సహజమేననుకుని ఎవరూ పట్టించుకోలేదు. పూజ పని అట్లా కాదు. ఆసుపత్రి బీమా కాగితాలు తెర మీద తెరిచి, సరిచూసి, పంపాలి. ఒక్కో కాగితం తెరుచుకునేసరికి పార్వతమ్మ ఒక రొట్టె కాల్చి దించుతోంది.

వాడకం ఎవరిదన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో వేళ్లన్నీ పార్వతమ్మ వైపే తిరిగాయి. ఆమె పుట్టిల్లు బీదర్ అవతల పల్లె. పొయ్యి దగ్గర ఫోన్ ఆనించుకుని కన్నడ భక్తి వచనాల పాటలు వింటూ రొట్టెలు తట్టడం, రోజూ మధ్యాహ్నం అక్క బస్వమ్మతో వీడియోలో మాట్లాడటం ఆమెకు అలవాటు.

"నీ అక్క మొకం చూసుటానికే సగం జీబీలు పోతున్నయి" అన్నాడు నాగప్ప ఒకరోజు.

పార్వతమ్మ పొయ్యి దగ్గరి ఫోన్ తీసి పక్కన పెట్టింది. ఆ పూట నుంచి వచనాలు ఆపేసింది. తానే పాడుకోవడం మొదలుపెట్టింది. అక్కతో వీడియో మానేసి, మామూలు ఫోన్‌లో, బీదర్ దాకా నేరుగా వినబడేంత గట్టిగా మాట్లాడసాగింది. చెల్లెలికి మొహం చూపించడానికి కూడా గర్వం వచ్చిందని బస్వమ్మ అలిగింది. ఇంత త్యాగం జరిగినా, ఆ నెల కూడా ఇరవై దాటేసరికి నెట్ కుంటింది.

అప్పుడు నాగప్ప మాణిక్ ఆఫీసుకు పోయాడు.

"కాకా, మా సిస్టమ్‌ల సాఫ్ కనవడ్తున్నది" అన్నాడు మాణిక్, తెర ఇటు తిప్పి. "వెయ్యి జీబీ ఖతం. నేనేం జేయాలె జెప్పున్రి."

"సిస్టం ఎవలది?"

"మాదే."

"సరుకు ఎవలది?"

"సరుకు గూడ మాదే."

"సరుకు నీదే, కాంటా నీదే. మరి నడుమల ధర్మం ఎవలు జూడాలె?"

మాణిక్ నవ్వాడు. "నెట్‌కు ధర్మకాంటా యాడిదే కాకా."

ఆ మాట నాగప్ప మనసులో పడిపోయింది. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. మనిషి పాలు కొంటే చూసి పోయించుకుంటాడు. పెట్రోలు పోయించుకుంటే సున్నా చూసి పోయించుకుంటాడు. ఈ కంటికి కనపడనిదాన్ని మాత్రం అమ్మినవాడు ఎంతంటే అంతేనని ఎట్లా ఒప్పుకుంటున్నాం? తీగలోంచి వచ్చేది తీగలోనే కొలవలేమా? ముప్పై ఏళ్లు ఇనుప పలక మీద బతికిన మనిషికి, అరవై దాటాక, కొత్త సరుకు ఒకటి తూకానికి దొరికింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి నేరుగా వీరేశ్ కంప్యూటర్ల కొట్టుకు నడిచాడు.

వీరేశ్ ఆయన మాట పూర్తిగా విని, అట్ట డబ్బాలోంచి ఒక రౌటర్ తీశాడు.

"గిది మీ సొంతం. మాణిక్ ఇచ్చిన నెట్ డబ్బా ఎనక పెడ్త. మీ ఇంట్ల ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్ని దీంట్ల నుంచే పోవాలె. ఏది ఎంత గుంజిందో అదే రాసుకుంటది. మీ ఫోన్‌ల చూసుకోవచ్చు. మాణిక్‌ను అడిగే పనే లేదు. లోపలికి వచ్చేది, బయటికి పోయేది, రెండు లెక్కలు."

"పోయేదేముంటది? మనమేం పంపుతున్నం?"

"ఫోటోలు, వీడియోలు. గవి గూడ నెట్టే కద."

"మా ఇంట్ల పంపేటోళ్లు ఎవలు లేరు. వచ్చేదే సూపియ్యి" అన్నాడు నాగప్ప. చెరుకు వచ్చేదాన్నే తూస్తారు. రోడ్డు మీద ఉత్తగా పోయే బండిని పిలిచి ఎవరు తూస్తారు?

వీరేశ్ ఇంటికొచ్చి బిగించాడు. అందరి ఫోన్లూ కొత్త రౌటర్‌కు కలిపాడు. మాణిక్ డబ్బాలోంచి గోడలోకి పోతున్న పాత తీగ ఒకటి కనిపిస్తే, "గిదేంది?" అని అడిగాడు.

"అది దొంగల కెమెరాది. దాని జోలికి పోకు" అన్నాడు నాగప్ప. వీరేశ్ పోలేదు.

ఆ తర్వాతి రోజులు నాగప్పకు పండగ. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే ఫోన్ తెరిచి వరసగా పేర్లు చూసేవాడు. ఎవరి పేరు పక్కన వాళ్ల అంకె. ప్రతి అంకె వెనక ఒక కథ ఉందని ఆయనకు త్వరలోనే తెలిసింది.

"ఏం రా ప్రశాంత్, స్నానానికి పోయినోనివి అన్ని జీబీలు ఎట్ల గుంజినవ్ రా?"

ప్రశాంత్ తువ్వాలు భుజాన వేసుకుని ఆగాడు. "నిన్నటి మ్యాచ్ హైలైట్స్ నాయినా."

"నీళ్లకంటె నెట్టే ఎక్కువ పోసుకుంటున్నవ్."

ఆ రోజు నుంచి ప్రశాంత్ స్నానం సగం సమయంలో ముగిసింది. పూజ ల్యాప్‌టాప్ అనుకున్నంత తినడం లేదు. సాయంత్రం టీవీ కొంచెం ఎక్కువ. పార్వతమ్మ ఫోన్ పక్కన అంకె దాదాపు సున్నా. ఆ సున్నాను నాగప్ప రెండుమూడు సార్లు చూశాడు. ఒకసారి ఆమెకు చూపిద్దామనుకున్నాడు కూడా. ఆమె పొయ్యి దగ్గర వచనం ఒకటి శ్రుతి తప్పి పాడుతోంది. చూపించకుండానే బయటికి వచ్చేశాడు.

"నాయినా, లిస్టుల రెండో నంబరు నీదే ఉన్నది" అన్నాడు ప్రశాంత్, తండ్రి భుజం మీదుగా చూసి.

"తూకమేసేటోని బరువు లెక్కల రాదు" అన్నాడు నాగప్ప, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. ఆయన ఫోన్‌లో ఏం చూస్తాడో ఎవరూ అడగలేదు. భోజనమయ్యాక గదిలో పడుకుని, తలుపు దగ్గరికి వేసుకుని, దొంగలు వచ్చారేమోనని చూసుకోవడం ఆయనకు అలవాటని అందరికీ తెలుసు.

మరుసటి నెల సగానికి రాకముందే ఒక విషయం తేలిపోయింది. ఇల్లంతా కలిపి నాగప్ప రౌటర్ చూపిస్తున్న వాడకం, మాణిక్ సిస్టమ్ చూపిస్తున్నదాంట్లో మూడో వంతు కూడా లేదు.

ఆ సాయంత్రం ఆయన గట్టు మీద ఎంత నిటారుగా కూర్చున్నాడంటే, పూజకు నవ్వొచ్చింది.

"మాణిక్ కాంటా తప్పు అన్నట్టేనా మామయ్యా?"

"నేను అంటలేను. లెక్క అంటున్నది."

పూజ ఆయన వైపు తిరిగింది. "మన కాంటా తప్పు గాదని ఎట్ల తెల్వాలె మరి? మీరే చెప్తరు గద, ఖాళీ బండి తూకం చూడంది ఏ కాంటను నమ్మొద్దని."

నాగప్పకు ఒళ్లు పులకరించింది. తాను చెప్పినవన్నీ ఈ పిల్ల నిజంగానే విన్నది. ఇంట్లో అన్నీ ఆపేస్తే రెండు కాంటాలూ సున్నా చూపాలి. ఏది చూపదో అది తప్పు. ఇంత చక్కటి పనికి ముహూర్తమెందుకని, మంగళవారం పొద్దున స్టూలెక్కాడు. తర్వాత ఏమైందో మొదట్లోనే చెప్పుకున్నాం.

రెండోసారి జాగ్రత్తగా చేశారు. ఆదివారం మధ్యాహ్నం, పూజకు సెలవు. మెయిన్ జోలికి పోలేదు. ఒక్కొక్క ఫోన్ ఆపేసి పీట మీద వరసగా పెట్టారు. టీవీ తీగ పీకారు. ల్యాప్‌టాప్ మూశారు. లెక్క చూడటానికి నాగప్ప ఫోన్ ఒక్కటే మిగిలింది. రౌటర్ లెక్కలో అంకె కదలడం ఆగిపోయింది. ఆయన మాణిక్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"మాణిక్, మా ఇంటి లైను ఇప్పుడు నీ సిస్టమ్‌ల ఏం జూపెడ్తున్నది? జర చూసి చెప్పు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "నడుస్తున్నది కాకా. మస్తు నడుస్తున్నది. సినిమా చూస్తున్నరా?"

నాగప్ప ఇంట్లో అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. "మా ఇంట్ల అన్ని బంద్ వెట్టినం. నీ కాంటా ఖాళీ బండికి లోడు చూపెడ్తున్నది మాణిక్."

ఇంతటితో ఆగితే బాగుండేది. ఆయన ప్రహరీ దగ్గరికి నడిచి, రెండేళ్ల తర్వాత మొదటిసారి కాంటా వైపు తిరిగి, శరణప్పకూ, అక్కడ తూకానికి నిలబడ్డ డ్రైవర్లకూ వినబడేటట్టు ఆ వాక్యాన్ని ఇంకోసారి చెప్పాడు. కాంటా దగ్గర పలికిన మాట సాయంత్రానికి న్యాల్‌కల్ దాకా పోతుందని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు.

మాణిక్ బండి మీద వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. "కాకా, ఊర్ల ఇన్ని ఇండ్లకు నెట్ ఇస్తున్న. తూకం తప్పు అన్నంక నేను ఇంకేం మొకం వెట్టుకోని బత్కాలె? పదున్రి, మీ ముందటనే చూద్దం."

శరణప్ప కూడా ఏం జరుగుతుందో చూద్దామని ప్రహరీ దూకి వచ్చాడు. అందరూ ముందు గదిలో అలమారా చుట్టూ నిలబడ్డారు. నాగప్ప రౌటర్ బుద్ధిగా, కదలకుండా ఉంది. దాని పక్కన మాణిక్ డబ్బా మీద ఒక పచ్చ దీపం మాత్రం గబగబా కొట్టుకుంటోంది, పరుగెత్తి వచ్చినవాడి గుండెలాగా.

"ఎవలో నీళ్లు తోడుతనే ఉన్నరు" అన్నాడు మాణిక్. వేలు పెట్టి దీపం కింది తీగ పట్టుకున్నాడు. పాత తీగ. అది గోడలోకి పోయింది. అందరూ గోడ అవతలికి పోయారు. అది కిటికీ పక్కగా పైకి పాకింది. అందరూ మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పి వల్లనో, మరెందుకో, నాగప్ప అందరికంటే వెనక పడ్డాడు.

తీగ డాబా మీద పిట్టగోడ దాకా పోయి, కెమెరాలో చేరింది.

"గిదీ. పొద్దుమాపు తీసిందంత తీసినట్టు కెమెరా కంపెనోళ్ల దగ్గరికి పంపుతున్నది. గంత మంచి బొమ్మ పంపాలంటె ఎన్ని జీబీలు గావాలె. పోయేది గూడ లెక్కే కాకా" అన్నాడు మాణిక్. గెలిచానన్న గొంతు కాదు. తూకం తేలిన మనిషి గొంతు.

నాగప్ప తీగను వెనక్కి, వచ్చిన దారంతా చూశాడు. ఆయన మెదడులో ఒక పాత కాంటా కిర్రుమంది. ఈ తీగ మాణిక్ డబ్బాలోనే కలుస్తోంది. తన రౌటర్ దాకా రావడమే లేదు. మాణిక్ తూచినప్పుడు ఇది బండిలో ఉంది. తాను తూచినప్పుడు లేదు.

ఆ మాట పూజ పైకి అంది, నెమ్మదిగా, మామగారికి మాత్రమే వినబడాలన్నట్టు. "మామయ్యా, డ్రైవర్ దిగలే."

నాగప్ప ఆ పిల్ల వైపు చూసి తల ఊపాడు. తన విద్య తనకే ఇంత చక్కగా అప్పజెప్పినవాళ్లు ఇంతవరకు లేరు.

విషయం అక్కడితో ఆగితే ఆయన పరువు సగమన్నా మిగిలేది. కానీ పార్వతమ్మ ఇంతసేపూ కెమెరాను గాక, కెమెరా చూస్తున్న దిక్కును చూస్తోంది. గేటు ఇటుపక్క ఉంది. రోడ్డు అటుపక్క ఉంది. కెమెరా మెడ రెండింటినీ వదిలేసి, ప్రహరీ అవతల ధర్మకాంటా ఇనుప పలక మీదికి సూటిగా వంగి ఉంది. ఆ పలక మీద అప్పుడు ఒక అల్లం లోడు నిలబడి ఉంది. డ్రైవర్ దిగాడో లేదో కూడా ఇక్కడి నుంచి కనిపిస్తోంది.

"ఇగో, జర ఇటు రాన్రి" అంది ఆమె భర్తతో. "దొంగలు కాంట మీద ఎక్కి, తూకం ఏయించుకోని, చిట్టీ తీస్కోని వస్తరా మనింటికి?"

మాణిక్ పక్కకు తిరిగి దగ్గాడు. ప్రశాంత్ ఆకాశం చూశాడు. శరణప్ప వంగి, కెమెరా కన్ను వెనక తన కన్ను పెట్టి, అది ఎక్కడికి చూస్తుందో సరిచూసుకుని లేచాడు.

"మామా, రెండేండ్ల సంది నన్నే చూస్తున్నవా?"

"నిన్ను గాదు" అన్నాడు నాగప్ప. కొంచెం ఆగి, "పలకను" అన్నాడు.

శరణప్పకు కోపం రావాల్సింది. వచ్చేదే. కానీ అతనికి ఏదో గుర్తొచ్చింది. "పోయినేడు వానలకు పలక కింద మట్టి జేరింది, కడిగియ్యమని ఫోన్ జేసినవు. ఎట్ల తెల్సిందని అడిగితె కల వడ్డదన్నవు. గిదేనా కల?"

నాగప్ప చూపు మళ్లీ పలక మీదికే పోయింది. పూజ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయనే ముందుకు పోయి, మోకాళ్ల మీద వంగి, కెమెరా తీగను తన చేత్తో పీకాడు. కింద గదిలో ఆ పచ్చ దీపం ఆరిపోయి ఉంటుంది. చూడటానికి ఎవరూ దిగలేదు.

మెట్లు దిగుతున్నప్పుడు పార్వతమ్మ ఒకే మాట అంది. "మా అక్క మొకానికే జీబీలు పోతున్నయంటిన్రు."

"అవు, అన్న" అన్నాడు నాగప్ప.

ఆ మధ్యాహ్నమే ఆమె బస్వమ్మకు వీడియో చేసింది. ఇటు కెమెరా సంగతి మొదలు పెట్టి అటు పొద్దు గుంకేదాకా చెప్పింది. బీదర్ అవతలి పల్లెలో ఎవరు నవ్వినా ఆ రోజు ఈ ఇంట్లో వినిపించింది. మరునాటి నుంచి పొయ్యి దగ్గర వచనాలు మళ్లీ మోగాయి, ముందుకంటే కొంచెం గట్టిగా. రౌటర్ లెక్కలో ఆమె పేరు పక్కన అంకె పెరుగుతుంటే నాగప్ప చూసి ఫోన్ మూసేసేవాడు.

మాణిక్‌కు ఆయన నేరుగా ఏమీ చెప్పుకోలేదు. సోమవారం పొద్దున ప్రహరీ దగ్గర నిలబడి, ముందురోజు ఎంత గొంతుతో చెప్పాడో అంతే గొంతుతో, "మాణిక్ కాంటా సక్కగున్నది. మా బండిలనే మనిషి ఉండె" అని డ్రైవర్లందరికీ వినబడేటట్టు చెప్పాడు. అది కూడా సాయంత్రానికి న్యాల్‌కల్ చేరింది. వెంట ఎవరి మనిషి, ఎక్కడి మనిషి అనే పూర్తి కథ కూడా చేరింది.

నెల ఆఖరి వారం వచ్చింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరూ నెమ్మదిగా నడిచారు. నాగప్ప స్టూలును ఎవరో తీసి మంచం కిందికి తోశారు. ఆఖరి రోజు హరికృష్ణతో మాట్లాడేటప్పుడు పూజ తలుపు తెరిచే ఉంచింది. నాగప్ప వరండాలోంచి తొంగి చూశాడు. తెర మీద హరికృష్ణ రెండు కళ్లూ తెరిచి, తల ఊపుతూ, చక్కగా కదులుతున్నాడు. అంత మామూలు ముఖాన్ని నాగప్ప అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

"సరే పూజా, ఇంటి నుంచే చెయ్యండి" అన్నాడు ఆ ముఖం.

మీరు అనుకోవచ్చు, కథ అయిపోయింది కదా అని. నాగప్ప సంగతి తెలిసినవాళ్లు అట్లా అనుకోరు. కెమెరా తీసేశాక భోజనం చేసి పడుకుంటే ఆయనకు నిద్ర పట్టలేదు. ప్రహరీ అవతల బండి ఎక్కిన చప్పుడు వినిపిస్తుంది. డ్రైవర్ దిగిన చప్పుడు వినిపించదు. దిగాడా? ఎక్కాడా? చప్పుడు కోసం చెవి పెట్టి, పక్క మీద అటూ ఇటూ దొర్లి, ఇక ఆగలేక ఒకరోజు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చేత పట్టుకుని, గేటు తీసుకుని చుట్టు తిరిగి, కాంటా పలక పక్కన రేకుల నీడలో వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్లకు ఎండ మంచిదన్నాడు. మరునాడు కూడా కూర్చున్నాడు. వారం తిరిగేసరికి ఆ కుర్చీకి అక్కడ నేల మీద నాలుగు గుంటలు పడ్డాయి. సాయంత్రం పని ముగించుకుని పూజ కూడా అక్కడికే వస్తోంది. కథలు ఇప్పుడు పలక పక్కనే జరుగుతున్నాయి, లోడుతో సహా.

రెండు వారాలు ఓపిక పట్టి, శరణప్ప ఒకనాడు చాయ్ గ్లాసు ఆయన చేతికిస్తూ మొరపెట్టుకున్నాడు.

"మామా, పొద్దుందాక గిట్ల కుర్సీ ఏసుకోని, ఒక్కొక్కని మొకంలకు చూసుకుంట దిగినవా ఎక్కినవా అని అడుగుతుంటె డ్రైవర్లు పరేశాన్ అయితున్రు. దీనికంటె గా కెమెరానే నయముండె."

నాగప్ప చాయ్ ఒక గుటక తాగి, పలక మీది బండి మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"దానికి నెలకు వెయ్యి జీబీ గావాలె, నాకు అర గ్లాసు చాయ్ సాలు."